నాన్న గొంతున్న క్యాసెట్లు డిజిటల్ చేయించడం: సర్వీసు, యూఎస్‌బీ ప్లేయర్, పాత డెక్, మూడింటి మీదా నా రివ్యూ

ముందే చెప్పేస్తా, మీ ఇంట్లో పోయినవాళ్ల గొంతు ఉన్న క్యాసెట్ ఒక్కటున్నా ఈ రివ్యూ మీకోసమే. నేను మూడు దారులూ చూశా. బయట సర్వీసుకి ఇచ్చా, కంప్యూటర్‌కి తగిలించే చిన్న యూఎస్‌బీ ప్లేయర్ కొన్నా, చివరికి పాత క్యాసెట్ డెక్ ఒకటి బాగుచేయించుకుని నేనే కూర్చుని చేశా. సర్వీసుకి ఐదులో రెండున్నర, యూఎస్‌బీ ప్లేయర్‌కి ఒకటి, డెక్‌కి ఐదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం నాన్న గురించి కూడా చెప్పాలి, అది లేకుండా ఈ మార్కులకి అర్థం ఉండదు.

నాన్న పోయి రెండేళ్లయింది. బీరువా పై అరలో ఒక చొక్కా డబ్బా ఉంది, అందులో ఏడు క్యాసెట్లు. అన్నీ సీ-60లే, అంటే పక్కకి అరగంట చొప్పున గంట. ఎనభైల చివర్లో నాన్న ఉద్యోగం కోసం నాలుగేళ్లు దూరంగా ఉన్నాడు, కట్టడం పనుల దగ్గర సూపర్‌వైజర్. ఫోన్ అందుబాటులో లేదు, ఉత్తరం రాయడం ఆయనకి చేతకాదు, రెండు లైన్లు రాసి 'మిగతాది ఇక్కడ అంతా మామూలే' అని ముగించేసేవాడట. అందుకని క్యాసెట్‌లో మాట్లాడి, అటు వెళ్లేవాళ్లూ ఇటు వచ్చేవాళ్లూ ఎవరుంటే వాళ్ల చేతికిచ్చి పంపేవాడు. అమ్మ విని, అదే క్యాసెట్ మీద తను మాట్లాడి తిప్పి పంపేది. నాన్న విని మళ్లీ దాని మీదే మాట్లాడేవాడు. అప్పట్లో కొత్త క్యాసెట్ కొనడం అంటే ఆలోచించాల్సిన ఖర్చే మరి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

నాకు తెలిసిన నాన్న మితభాషి. భోజనం దగ్గర కూడా ఊ, ఆ తప్ప ఉండదు. నా పెళ్లి రోజు నాతో మొత్తం కలిపి పది మాటలు మాట్లాడాడేమో. ఆ మనిషి క్యాసెట్‌లో అరగంట ఆగకుండా మాట్లాడాడంటే నేను నమ్మలేకపోయా. కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చెప్తాడు, గదిలో మంచం ఎటు తిప్పి వేసుకున్నాడో చెప్తాడు, పక్కమంచం ఆయనకి చొక్కా గుండీ కుట్టడం ఎలా నేర్పాడో పూసగుచ్చినట్టు చెప్తాడు, దారం రెండు పేటలు వేసి, గుండీ కింద అగ్గిపుల్ల పెట్టి కుట్టి, తర్వాత పుల్ల తీసేస్తే గుండీ వదులుగా కూర్చుంటుందట. నేను ఇప్పుడు అలాగే కుడుతున్నా. ఆయన చేతులు ఆ పని చేస్తుండగా నేనెప్పుడూ చూడలేదు, చెవితో నేర్చుకున్నా.

సరే, సర్వీసు సంగతి. పేరు చెప్పను, చెడ్డవాళ్లు కాదు, నిజానికి చాలా మర్యాదగా మాట్లాడారు, చెప్పిన రోజుకి ఇచ్చారు, ఏడు క్యాసెట్లూ భద్రంగా తిరిగిచ్చారు, ప్రతి దానికీ నంబర్ చీటీ అంటించి మరీ. ఒకటి ఆడట్లేదని చెప్పి దాన్ని ముట్టుకోకుండా వెనక్కిచ్చారు, అందుకు మాత్రం మనస్ఫూర్తిగా థాంక్స్, ఎందుకంటే తెలియని చేతులు బలవంతం చేస్తే టేపు తెగిపోయేది. మిగతా ఆరూ పెన్‌డ్రైవ్‌లో ఎంపీ3లుగా వచ్చాయి.

ఆ రాత్రి అమ్మని కూర్చోబెట్టి మొదటిది పెట్టా. నాకైతే కళ్లలో నీళ్లు ఆగలేదు. అమ్మ మాత్రం తల పక్కకి వంచి వింటూ ఉంది, ఏడవలేదు, ఏమీ అనలేదు. ఐదు నిమిషాలయ్యాక 'మీ నాన్న ఇంత సన్నగా మాట్లాడడే' అంది. వయసులో ఉన్నప్పటి గొంతు కదమ్మా అన్నా. 'వయసులో ఉన్నప్పుడు విన్నది నేనే కదా' అంది. ఆ తర్వాత ఇంకో మాట, 'మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోవట్లేదేంటి?'

అప్పటిదాకా నాకు తెలియలేదు. మళ్లీ విన్నా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. నిజమే, మాట ఆగిన చోటల్లా శబ్దం మొత్తం సున్నా అయిపోతోంది, గోడ కట్టినట్టు. మాటలు కూడా నీళ్లలోంచి మాట్లాడినట్టు కొంచెం ముద్దగా, అంచులు కరిగిపోయినట్టు ఉన్నాయి. ఫోన్ చేసి అడిగితే, టేపు హిస్ పోవడానికి నాయిస్ రిడక్షన్ వేశాం మేడమ్, ముందూ వెనకా ఉన్న ఖాళీ కూడా తీసేశాం, చాలామంది అలా శుభ్రంగానే కావాలంటారు అన్నారు. మరి శుభ్రం చేయకముందుది ఉందా అంటే ఉంచుకోలేదన్నారు. అక్కడే నా మనసు విరిగింది. ఆ ఫైళ్లు ఉంచుకుని ఉంటే వీళ్లకి నాలుగున్నర ఇచ్చేదాన్ని.

హిస్ అంటే ఏంటంటే, ఆ సర్ మనే సన్నటి శబ్దం, టేపు మీదున్న అయస్కాంతపు పొడి రేణువుల వల్ల వచ్చేది. సాఫ్ట్‌వేర్ దాన్ని తీసేస్తూ తీసేస్తూ ఊపిరినీ, స, శ లాంటి అక్షరాలనీ, గదిలో ఫ్యాన్ తిరిగే చప్పుడునీ కూడా హిస్ అనుకుని ఊడ్చేస్తుంది. పాటల క్యాసెట్ అయితే పర్లేదేమో. మనిషి గొంతుకి, అదీ పోయిన మనిషి గొంతుకి, ఆ ఊపిరే కదా కావాల్సింది.

తర్వాత ఆన్‌లైన్‌లో యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ కొన్నా, అరచేతిలో పట్టేది. దాని గురించి ఎక్కువ రాయను. నడక సమంగా లేదు, గొంతు వణికింది, శబ్దం బొంగురుగా వచ్చింది, రెండో క్యాసెట్‌కి టేపు రోలర్‌కి చుట్టుకుంటుంటే గుండె ఆగినంత పనైంది, వెంటనే ఆపి పెన్సిల్‌తో చుట్టి బయటికి తీశా. క్యాసెట్‌లో ఏముందో చూసుకోవడానికి కూడా నేనైతే దాన్ని వాడమని చెప్పను. వద్దు.

మూడోది డెక్. మా చుట్టాల ఇంట్లో అటక మీద ఎనభైల నాటి స్టీరియో క్యాసెట్ డెక్ ఉంటే అడిగి తెచ్చుకున్నా. తిరగలేదు. పాత టీవీలూ ఆంప్లిఫయర్లూ బాగుచేసే పెద్దాయన ఒకరి దగ్గరికి తీసుకెళ్తే పైకప్పు విప్పి చూపించాడు, లోపల రబ్బరు బెల్టు తారులాగా కరిగి పుల్లీకి అంటుకుపోయి ఉంది. పాత డెక్‌లు తిరగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదేనట. బెల్టు మార్చి, పుల్లీ తుడిచి, హెడ్‌ని, అంటే టేపు మీది శబ్దాన్ని చదివే ముక్కని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో క్లీన్ చేసి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు 'ముందు క్యాసెట్ల చెవులు విరిచెయ్యమ్మా' అన్నాడు. క్యాసెట్ వెనక అంచు మీద రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి చూడండి, అవి విరిచేస్తే దాని మీద ఇక పొరపాటున కూడా రికార్డ్ అవ్వదు. ఏ దారిలో వెళ్లినా, సర్వీసుకిచ్చినా సరే, ఇంట్లోంచి కదిలే ముందు ఈ పని చెయ్యండి.

డెక్ వెనక శబ్దం బయటికొచ్చే లైన్ అవుట్‌లోంచి ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్‌కి, అంటే శబ్దాన్ని కంప్యూటర్‌కి అర్థమయ్యే అంకెలుగా మార్చే డబ్బాకి, అక్కడినుంచి కంప్యూటర్‌కి. శబ్దం రికార్డ్ చేసి సరిదిద్దుకునే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ, 2000 నుంచీ ఉచితంగా దొరుకుతోంది, దానికైతే దండం పెట్టాలి. క్యాసెట్ గంటదైతే గంటా కూర్చోవాల్సిందే, తొందరగా అయ్యే దారి మాత్రం పెట్టుకోకండి. నాకు ఆ కూర్చోవడమే నచ్చింది. సౌండ్ గీత ఎర్రగీత తాకకుండా, అంటే నాన్న గట్టిగా నవ్వినచోట కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకున్నా. అదొక్కటీ ముందే చూసుకోవాలి, ఒకసారి పగిలిన శబ్దాన్ని తర్వాత పూర్తిగా బాగుచెయ్యలేం.

ఫైల్ ఎంపీ3 కాదు, వేవ్, అంటే శబ్దాన్ని కుదించకుండా ఉన్నదున్నట్టు దాచేది. ఐఏఎస్ఏ అని ప్రపంచంలో శబ్ద భాండాగారాలు నడిపేవాళ్ల సంఘం ఒకటుంది, వాళ్ల టీసీ-04 అనే మార్గదర్శకం ప్రకారం తక్కువలో తక్కువ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, కుదిరితే 96 కిలోహెర్ట్జ్. ఈ అంకెలు ఎంత పెద్దవైతే శబ్దాన్ని అంత వివరంగా పట్టుకుంటుందన్నమాట. నేను 96 పెట్టా. గంట క్యాసెట్‌కి రెండు జీబీ దాటుతుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే అదే గంట అరవై ఎంబీ లోపే. తేడా చూస్తే భయమేస్తుంది కానీ, ఏడు క్యాసెట్లకీ కలిపి పదిహేను జీబీ, ఇవాళ రేపు అదేం లెక్క, ఫోన్లో అనవసరపు వీడియోలే అంతకన్నా ఎక్కువ ఉంటాయి. అసలు కాపీ వేవ్‌లో పెట్టుకుని, చుట్టాలకి పంపడానికి దాన్నుంచి ఎంపీ3 చేసుకోండి, ఉల్టా మాత్రం కుదరదు.

మొదటిది ఎక్కించా. గొంతు మందంగా, దుప్పటి కప్పినట్టు వచ్చింది. పెద్దాయనకి ఫోన్ చేస్తే అజిమత్ చూసుకో అన్నాడు. డెక్‌లో హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, అది హెడ్ వాలుని మారుస్తుంది. నాన్న రికార్డ్ చేసిన మిషన్ హెడ్ ఎంత వాలుగా ఉందో ఇక్కడ హెడ్ కూడా అంతే వాలుగా ఉండాలి, లేకపోతే పైస్థాయి శబ్దాలు, అంటే మాటలో స్పష్టత, మొత్తం పోతుంది. టేపు ఆడుతుండగానే చిన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పుతూ విన్నా. ఒకచోట ఉన్నట్టుండి తెర తీసినట్టైంది. నాన్న దగ్గాడు, రెండుసార్లు, గొంతు సవరించుకున్నాడు, కుర్చీ కిర్రుమంది. ఇంట్లో మాట్లాడబోయే ముందు కూడా అచ్చం అలాగే రెండుసార్లు దగ్గేవాడు. సర్వీసు ఫైల్లో ఆ దగ్గు లేదు, మాట మొదలైన చోటినుంచే కత్తిరించారు.

ఇంకొకటి కూడా వినిపించింది, మొదట భ్రమ అనుకున్నా. నాన్న మాట మొదలుపెట్టడానికి రెండు సెకన్ల ముందు, హిస్ వెనకాల, చాలా సన్నగా అదే మాట. దెయ్యంలా కాదు, పక్కగదిలోంచి అన్నట్టు. దీన్ని ప్రింట్‌త్రూ అంటారట. టేపు ఏళ్ల తరబడి చుట్టలో ఉండిపోతే ఒక పొర మీది శబ్దం పక్క పొర మీద లీలగా అచ్చుపడుతుంది, అందుకని ఒక చుట్టు ముందే వినిపిస్తుంది. టేపు ఎంత పల్చనైతే అంత ఎక్కువ. సీ-60 టేపు మందం సుమారు 18 మైక్రాన్లు, సీ-90ది సుమారు 12, సీ-120ది ఇంకా తక్కువ, 9 దాకా. ఇది లోపం అని రాస్తారు అందరూ. అమ్మకి వినిపిస్తే కళ్లు మూసుకుని 'వస్తున్నాడు' అంది. దాన్ని తీసెయ్యమని నేను ఏ సాఫ్ట్‌వేర్‌కీ చెప్పను.

అయినా గొంతు సన్నగానే ఉంది. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. ఇక్కడ నాకు మూడు రోజులు పట్టింది, అర్థమయ్యాక మాత్రం అమ్మ చెవికి నమస్కారం పెట్టా. నాన్న టేప్ రికార్డర్‌ని ప్లగ్‌లో పెట్టి రికార్డ్ చేశాడు, కాబట్టి కరెంటు గుంయ్ మనే శబ్దం కూడా లీలగా టేపు మీద పడింది. కరెంటు కొన్ని దేశాల్లో 50 హెర్ట్జ్, కొన్నింట్లో 60. నాన్న ఉన్నచోట 50. ఆడాసిటీలో ప్లాట్ స్పెక్ట్రమ్ అని ఉంటుంది, శబ్దంలో ఏ హెర్ట్జ్ ఎంత ఉందో గీత గీసి చూపిస్తుంది, నాన్న మాట్లాడని కొన్ని సెకన్లు సెలెక్ట్ చేసి, సైజ్ పెద్దది పెట్టి చూస్తే కింద రెండు చిన్న శిఖరాలు పక్కపక్కనే కనిపించాయి. ఒకటి సరిగ్గా 50 దగ్గర, అది నా డెక్‌ది. రెండోది 52 దగ్గర, అది టేపులోది. 50 ఉండాల్సింది 52 అయిందంటే టేపు నాలుగు శాతం వేగంగా ఆడుతోందన్నమాట. అంటే డెక్ తప్పూ కాదు, సర్వీసు తప్పూ కాదు, నాన్న దగ్గరున్న రికార్డర్ అప్పట్లో కాస్త నెమ్మదిగా తిరిగేది. క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలని లెక్క, 1963లో ఫిలిప్స్ వాళ్లు క్యాసెట్ తెచ్చినప్పటినుంచీ అదే, కానీ ప్రతి మిషనూ కచ్చితంగా అంతే నడవదుగా.

స్పీడ్ 3.8 శాతం తగ్గించి మళ్లీ పెట్టా. అమ్మకి ఏం చేశానో చెప్పలేదు. వంటింట్లో ఏదో సర్దుతోంది, 'ఇదిగో, వింటున్నావా' అని నాన్న గొంతు వచ్చేసరికి చేతిలోది అక్కడే పెట్టేసి వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయింది. 'ఆఁ, వింటున్నా చెప్పండి' అంది. నాతో కాదు.

ఒక చిన్న హెచ్చరిక, ఒక క్యాసెట్‌కి వచ్చిన అంకె ఇంకోదానికి పనికిరాదు, బ్యాటరీ తగ్గినప్పుడో వేరే మిషన్ మీదో రికార్డ్ చేస్తే మారిపోతుంది, దేనికది చూసుకోవాలి. అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా కాపీ మీదే ఇవన్నీ చెయ్యండి.

ఇప్పుడు అసలు విషయం. నాలుగో క్యాసెట్, రెండో పక్క. సర్వీసువాళ్ల ఫైల్లో అది 'ఉంటా మరి, జాగ్రత్త' అనే మాటతో అయిపోతుంది, ఇరవైఆరు నిమిషాలు. నేను డెక్‌లో పెట్టినప్పుడు ఆపలేదు, చివరిదాకా ఆడనిచ్చా. నాన్న 'జాగ్రత్త' అన్నాక రికార్డింగ్ ఆపడం మర్చిపోయాడు. దాదాపు నిమిషం పాటు ఖాళీ గది. ఫ్యాన్. ఎక్కడో తలుపు. కుర్చీలోంచి లేవలేదు, కిర్రుమని శబ్దం రాలేదు కాబట్టి నాకు తెలుస్తోంది, ఊరికే కూర్చున్నాడు. ఆ నిమిషం నాకు నాన్న ఇచ్చిన అన్ని మాటల కంటే ఎక్కువ, ఎందుకంటే నాకు తెలిసిన నాన్న అదే, ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చునే నాన్న. తర్వాత టక్. ఒక క్షణం ఏమీ లేదు. ఆ వెంటనే ఒక ఆడగొంతు, వాక్యం మధ్యలోంచి, '...రెక్క సంగతి నేను చూసుకుంటాలెండి, మీరక్కడ దాని గురించి ఆలోచించకండి. ఇదిగో మీ కూతురు ఎక్కం చెప్తానని పేచీ.'

అమ్మ. ఇరవై ఏడేళ్ల అమ్మ. ముందు అమ్మ పంపిన క్యాసెట్ మీదే నాన్న జవాబు రికార్డ్ చేశాడు కదా, ఆయన మాట ఇరవై ఏడు నిమిషాల దగ్గర ఆగిపోయింది, దాని అవతల అమ్మది చెరిగిపోకుండా మిగిలిపోయింది. తర్వాత నేను. పదమూడు ఒకట్లు పదమూడు, పదమూడు రెళ్లు ఇరవయ్యారు, పదమూడు మూళ్లు ముప్ఫైతొమ్మిది, గుక్కతిప్పుకోకుండా వెళ్లి వెళ్లి పదమూడు ఏడుల దగ్గర ఆగిపోయా. వెనకనుంచి గుసగుసగా అమ్మ, 'తొంభై ఒకటి'. నేను గట్టిగా 'తొంభై ఒకటి!' టేపు అయిపోయింది.

ఇది విన్నాక వెనక్కి వెళ్లి ఆ పక్క మొదలు మళ్లీ పెట్టా. అదే పక్క మొదట్లో నాన్న అన్న మాట ఒకటి ఉంది, సర్వీసు ఫైల్లో పదిసార్లు విని కూడా ఏం మాట్లాడుతున్నాడో అర్థం కాని మాట. 'అమ్మలూ, ఏడు దగ్గర అమ్మ అందించింది, నాకు వినబడిందిలే. ఈసారి నువ్వే చెప్పాలి.' నాన్న దేనికి జవాబు చెప్తున్నాడో ఆ సగం మొత్తం టేపు చివర్లో ఉంది, ఖాళీ అని కత్తిరించేసిన చోట.

అమ్మ ముక్కని నాన్న స్పీడులో పెడితే అమ్మ గొంతు బండగా వచ్చింది, అది మా ఇంట్లో రికార్డర్ మీద చేసింది కాబట్టి దాని లెక్క వేరు. అది సరిచేసి వినిపించా. అమ్మ చాలాసేపు నవ్వింది, ఆ తర్వాత 'కిటికీ రెక్క. ఊడి వేలాడుతుండేది. ఆయన వచ్చేదాకా బాగు చేయించనే లేదు నేను' అని చెప్పి అప్పుడు ఏడ్చింది, మొదటిసారి.

అందుకే ఎవరైనా సర్వీసుకే ఇవ్వాలనుకుంటే, అందరికీ డెక్ దొరకదు, టైమూ ఉండదు, తప్పేం లేదు, ఇచ్చే ముందు నోటితో కాదు రాతలో అడగండి. రెండు పక్కలూ మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా, ఖాళీ అనిపించినా సరే, కత్తిరించకుండా కావాలి. శుభ్రం చెయ్యని ఫైల్ వేవ్‌లో కావాలి. శుభ్రం చేసింది విడిగా ఇస్తే ఇవ్వండి, అది అదనం. అజిమత్ ప్రతి క్యాసెట్‌కీ సరిచేస్తారా అని అడగండి, ఈ మాట వినగానే మొహంలో వెలుగొస్తే సరైన చోటికి వచ్చారని అర్థం. ఒక క్యాసెట్ ముందు ఇచ్చి చూసి మిగతావి తర్వాత ఇవ్వండి, నేను ఏడూ ఒకేసారి ఇచ్చేసి తప్పు చేశా.

ఫోటోల గురించి కూడా అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. గూగుల్ ఫోటోస్కాన్ యాప్, 2016లో వచ్చింది, ఫోన్‌తో నాలుగు చుక్కల మీదకీ జరిపి తీస్తే మెరుపు లేకుండా ఒక ఫోటో చేసి ఇస్తుంది, ఆల్బమ్‌లోంచి ఊడని ఫోటోలకి బాగుంది. చేతికొచ్చే వాటికి మాత్రం ఫ్లాట్‌బెడ్ స్కానరే, 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అనే లెక్క), చిన్న పాస్‌పోర్ట్ సైజు అయితే 1200. ఫోటో వెనక్కి తిప్పి వెనకవైపు కూడా స్కాన్ చెయ్యండి, నాన్న రాత మాకు దొరికింది అక్కడే, 'రెండో అంతస్తు స్లాబ్ వేసిన రోజు' అని, అంతే. నలుపు తెలుపు ఫోటోలకి కంప్యూటర్ రంగులు వేసే యాప్ ఒకటి తమ్ముడు వాడాడు, నాన్న చొక్కా నీలం చేసింది, అమ్మ చూసి అది ముదురు ఎరుపు అంది. నేను ఆ ఫోటో ఫ్యామిలీ గ్రూప్‌లోంచి తీసేయించా. రేపు పిల్లలు నీలం చొక్కా అనే గుర్తుపెట్టుకుంటారు. ఇప్పుడు గొంతు నమూనా ఇస్తే ఆ గొంతుతో కొత్త మాటలు చెప్పించేవి కూడా వచ్చాయి, మా కజిన్ ఒకరు చేసిస్తానన్నారు, ప్రేమతోనే అన్నారు, నేను వద్దన్నా. నాన్న అననిది నాన్న గొంతులో నాకొద్దు.

ఫైళ్లు మూడు కాపీలు పెట్టా. ఒకటి నా కంప్యూటర్‌లో, ఒకటి తమ్ముడింట్లో హార్డ్‌డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో. మూడూ ఒకే ఇంట్లో ఉంటే మూడు కిందికి రావు. ఫైల్ పేరులోనే క్యాసెట్ నంబర్, పక్క, స్పీడ్ మార్చిందా లేదా అనేది రాశా. ఒరిజినల్ క్యాసెట్లు పారెయ్యలేదు, పారెయ్యకండి కూడా, నిలువుగా నిలబెట్టి, ఎండా తేమా తగలకుండా, స్పీకర్ల పక్కన కాకుండా పెట్టుకోండి.

ఇంకో పని కూడా మొదలుపెట్టా, ఇది ఏ సర్వీసూ చెయ్యలేదు. అమెరికాలో స్టోరీకార్ప్స్ అని ఒక సంస్థ ఉంది, 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో చిన్న బూత్ పెట్టి మొదలుపెట్టారు, ఇద్దరు ఆత్మీయులు లోపల కూర్చుని నలభై నిమిషాలు మాట్లాడుకుంటే రికార్డ్ చేసి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రం చేస్తారు. నాకు ఆ నలభై నిమిషాల పద్ధతి నచ్చింది, మనిషి అలసిపోడు, మాట మధ్యలో తెగదు. ప్రతి ఆదివారం నాన్న క్యాసెట్ కొంచెం పెట్టి, నాన్న అడిగిన ప్రశ్న దగ్గర ఆపి, అమ్మ చెప్పేది ఫోన్లో రికార్డ్ చేస్తున్నా. అమ్మ పంపిన జవాబులు చెరిగిపోయాయి కదా, ఇప్పుడు మళ్లీ చెప్తోంది. ఆయన 'మా అమ్మ మోకాలు ఎలా ఉంది' అని అడుగుతాడు, అమ్మ ఆగి, నానమ్మ గురించి నాకు ఎవరూ చెప్పని అరగంట చెప్తుంది. ఫోన్‌ని టేబుల్ మీద నేరుగా పెట్టకుండా కింద మడతపెట్టిన బట్ట వేయండి, టేబుల్ తట్టిన చప్పుడు పడదు. ఫ్యాన్ మాత్రం నేను ఆపట్లేదు. అమ్మ గది చప్పుడు కూడా ఉండనీ.

సర్వీసువాళ్లు ఆడట్లేదని తిరిగిచ్చిన ఏడో క్యాసెట్ ఇంకా అలాగే ఉంది. పెద్దాయనకి చూపిస్తే టేపు బాగానే ఉందన్నాడు, హెడ్‌కి టేపుని ఒత్తిపట్టే చిన్న ఫెల్ట్ ముక్క, ప్రెషర్ ప్యాడ్, జిగురు ఎండి ఊడిపోయింది, అంతే. ఐదు స్క్రూలు ఉన్న ఖాళీ షెల్ ఒకటి తెప్పించా, పాతదాని అంచు జాగ్రత్తగా విడదీసి రెండు చుట్టలూ ఎత్తి అందులో పెట్టాలి, చేతులు వణకకూడదు. పైన నాన్న రాతతో '7' అని, పక్కనే పెన్సిల్‌తో 'రెండో వైపు నువ్వు ఒక్కదానివే విను' అని ఉంది. ఆదివారం విప్పుతా. రెండో వైపు ఆడేటప్పుడు లెవెల్ సెట్ చేసి, రికార్డ్ నొక్కి, హెడ్‌ఫోన్స్ అమ్మ చెవులకి పెట్టి నేను బయటికి వచ్చేస్తా.